పోయినవాళ్ల గోడకు సరిపోయే వెలుతురు

మా ఫ్లాటు హాల్లో దక్షిణం గోడ పోయినవాళ్లది. అమీర్‌పేటలో ఈ ఇంట్లోకి దిగిన రోజున, గ్యాసు బండ ఎక్కడ పెట్టాలో తేల్చుకోకముందే అత్తయ్యగారు ఆ గోడకు నాలుగు మేకులు కొట్టించారు. మూడింటికి మూడు ఫ్రేములు తగిలించారు. మా మామగారు, ఆయన తల్లి, ఆయన తండ్రి. నాలుగోది ఎవరికని అడిగితే, "నాకేనమ్మాయ్, మళ్లీ గోడ పాడుచేయడం దేనికి" అన్నారు. రోజూ పొద్దున్నే పూజ ముగించి, గిన్నెలో పూలు వేసుకుని వచ్చి, ఒక్కో ఫ్రేము మీద ఒక పువ్వు పెట్టి, అద్దం మీద నుదురుండే చోట కుంకుమ బొట్టు పెడతారు. ఇరవై రెండేళ్లుగా ఇది చూసీ చూసీ నేను ఆ గోడను చూడడమే మానేశాను. తర్వాత జరిగినదంతా ఆ చూడకపోవడం వల్లే జరిగింది.

చాలా ఏళ్లు నేను ఇక్కడి కోచింగ్ సెంటర్లలో ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ నేర్పాను. పిల్లలంతా ఫోన్లలోనే పాఠాలు వినడం మొదలుపెట్టాక మా సెంటరు మూతపడింది. నేను ఊరికే ఇంట్లో కూర్చుంటే నా కోపం ఎవరి మీద పడుతుందో మా ఆయనకు తెలుసు. అందుకని వెనక పడకగది ఖాళీ చేసి స్టూడియో పెట్టుకుంటానంటే కిక్కురుమనలేదు. తన బీరువా బాల్కనీలోకి పోయినా కిక్కురుమనలేదు. కిటికీకి నల్ల పరదాలు కుట్టించాను, గోడకు బూడిదరంగు వేయించాను. ఇక లైట్లు ఎంచుకోవడమే మిగిలింది.

పంజాగుట్టలో ఒక మేడ మీద కెమెరా సామాను అమ్మే దుకాణం ఉంది. లైట్లు వెలిగించి చూపించడానికి వాళ్లు ఒక బొమ్మ తల పెట్టుకున్నారు. జుట్టు కత్తిరించడం నేర్పే చోట వాడతారే, అలాంటిది. కళ్లు గాజువి. దుకాణం ఆయన ట్యూబులైట్లు ఆర్పేసి దాని ముందు ఒక్కో లైటే వెలిగించాడు.

"గిది సాఫ్ట్‌బాక్స్ మేడమ్, తెల్లగుడ్డ కట్టిన డబ్బా, వెలుతురు మస్తు మెత్తగుంటది. గిది గొడుగు. గిది రింగ్ లైట్, రీల్స్ చేసేటోళ్లందరు గిదే కొంటుండ్రు."

నేను వెలుతురును చూడలేదు, బొమ్మ కళ్లనే చూస్తూ ఉండిపోయాను. సాఫ్ట్‌బాక్స్ పెడితే కంట్లో తెల్లటి చదరం మెరిసింది. గొడుగు పెడితే చిన్న బిళ్ల. రింగ్ లైటుకైతే కంటిపాప చుట్టూ తెల్లటి గాజు తొడిగినట్టుంది. ఒక్కో లైటుకి ఆ తల ఒక్కో మనిషై నన్ను చూసింది. చదరం ఉన్నప్పుడు నెమ్మదస్తురాలు. గాజు తొడిగినప్పుడు, నా గురించి ఏదో తెలిసీ దాస్తున్న మనిషి. చివరికి ఆయన అన్నీ ఆర్పేసి పైన ట్యూబులైటు వేశాడు. కళ్లలో మెరుపు పోయింది, నా ఎదురుగా మళ్లీ బొమ్మే ఉంది.

"గట్ల చూడకుండ్రి మేడమ్, నాకే భయమైతుంది," అని నవ్వాడాయన. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫ్లాష్ కొట్టే సాఫ్ట్‌బాక్స్ ఒకటి, గొడుగు ఒకటి కొనుక్కుని ఇంటికి వచ్చేశాను.

కంట్లో మెరిసే ఆ చుక్కను ఈ పనిలో ఉన్నవాళ్లు క్యాచ్‌లైట్ అంటారు. ఆ రోజు నుంచి నాకు అదొక పిచ్చి పట్టుకుంది. మెట్రోలో ఎదురు సీటువాళ్ల కళ్లలో కిటికీలు వెతికేదాన్ని. హోర్డింగుల మీద నగల ప్రకటనల్లో అమ్మాయి కంట్లోకి చూసి, ఎన్ని లైట్లు పెట్టి తీశారో లెక్కపెట్టేదాన్ని. "రోడ్డు చూసి నడువు తల్లీ," అని మా ఆయన చెయ్యి పట్టుకుని లాగేవారు.

కృష్ణానగర్ నుంచి సినిమా వేషాల కోసం తిరిగేవాళ్లు ఫొటోలకు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్లలో ఎవరో చెప్పగా, ఒక టీవీ సీరియల్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే అతను ఫోన్ చేశాడు. "మేడమ్, గోడ మీద పెట్టే ఫొటో కావాలె. సీరియల్ల ఇంటి పెద్దమనిషి సచ్చిపోయిండు, దండేసి పెడ్తం. ఇంతకుముందు రెండుసార్లు తీపిచ్చినం. దండేసినా సుత బతికున్నట్టే కొడుతుండ్రు. చూడంగనే పోయినోడనిపియ్యాలె."

బతికున్న మనిషిని పోయినవాడిలా చూపించే లైటు ఏది? కంట్లో చుక్కను సాఫ్ట్‌వేర్లో చెరిపేయొచ్చు, ఎలా చెరపాలో నేనే వందల మందికి నేర్పాను. కానీ చెరిపిన కన్ను గుడ్డికన్నులా కనిపిస్తుంది, పోయినవాళ్ల కన్నులా కనిపించదు. అదేదో లైటుతోనే రావాలి. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ రోజు మా దక్షిణం గోడ గుర్తొచ్చింది. స్టూలు వేసుకుని ఎక్కి, ఫోన్ టార్చితో మూడు ముఖాలనూ దగ్గరగా చూశాను.

మామగారిది ఆఫీసు గుర్తింపు కార్డు నుంచి పెద్దది చేయించిన ఫొటో. నెత్తి మీద ట్యూబులైటు, కళ్ల మీద కనుబొమల నీడ. చుక్క లేదు. ఆయన తల్లి కళ్లలో చుక్కలున్నాయి కానీ అవి కుంచెతో పెట్టినవి. రెండూ ముక్కు వైపే ఉన్నాయి, అందుకే ఆవిడ ఎప్పుడూ తన ముక్కునే చూసుకుంటున్నట్టుంటారు. ఆయన తండ్రి కళ్లు నాకు అర్థం కాలేదు. రెప్పలు, పాపలు, తెల్లగుడ్డు అన్నీ ఒకే సిరాతో గీసినట్టున్నాయి.

"ఆయనది పోయాక తీయించిందేనమ్మాయ్," అన్నారు అత్తయ్యగారు కింద నిలబడి. "బతికుండగా ఫొటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందని ఎప్పుడూ దిగలేదుట. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీశారు. కళ్లు స్టూడియో అతను వేశాడు."

ఇరవై రెండేళ్లుగా నేను ఆ కళ్ల ఎదురుగా కూర్చుని ఇడ్లీలు తిన్నాను.

ఆర్ట్ అతను పంపిన మనిషి మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చాడు. అరవై దాటిన మనిషి, నిండు మీసం, ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ. కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు. ముప్పై ఏళ్లుగా పెళ్లి సీన్లలో భోజనానికి కూర్చున్నాడు, కోర్టు సీన్లలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు, ఊరేగింపుల్లో నడిచాడు. ఇలాంటి ఫొటోకి ఇంతకుముందు వేరే సీరియళ్లవాళ్లు పిలిచినా భయపడి పోలేదట. మరి ఇప్పుడెందుకు ఒప్పుకున్నారని అడిగాను.

"ముప్పై ఏండ్లల్ల నన్ను చూసినోడు ఒక్కడు లేడు మేడమ్. మా ఇంటోళ్లకే, గా మూలకు ఎర్ర తువాలోణ్ని నేనే అని చూపియ్యాలె. చూపిచ్చేలోపల సీను అయిపోతది. గీ ఫొటో అయితే రోజు కనపడ్త. సీరియల్ ఎన్నొద్దులు నడిస్తే అన్నొద్దులు." కొంచెం ఆగి అన్నాడు, "ఒక్కటే షరతు. సచ్చినోని ఫొటో దిగినంక, కుర్చీల నుంచి లేవకముందే నవ్వుకుంట ఇంకొకటి దిగాలె. మా లైన్ల అది రివాజు. శవం వేషం ఏసినోడు సుత లేసి కెమెరా దిక్కు నవ్వినంకనే ఇంటికి పోతడు. లేకుంటే ఆ సావు గట్లనే మీద ఉండిపోతది. నవ్వు ఫొటో ప్రింటు తీసియ్యుండ్రి. ఇంట్ల పెట్టుకుంట."

"అలాగే బాబాయ్ గారూ, తప్పకుండా నవ్వుదురుగాని," అన్నాను. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. లోపల నేనే నవ్వుకున్నాను.

కుర్చీలో కూర్చోబెట్టి, సాఫ్ట్‌బాక్స్ ఆయన కళ్ల కంటే కాస్త ఎత్తులో పెట్టి మొదలుపెట్టాను. ఫ్లాష్ కొట్టేదాకా అందులో ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉంటుంది, నీడలు ఎక్కడ పడతాయో చూసుకోవడానికి. ఆ వెలుగుకే ఆయన రెండు కళ్లలోనూ తెల్లటి చదరాలు మెరుస్తున్నాయి. ఆయన తన మొదటి వేషం గురించి చెబుతున్నాడు. పెళ్లి భోజనాల సీనులో రెండు రోజులు అదే లడ్డూ చేతిలో పట్టుకుని కూర్చున్నాడట. నేను స్టాండు మర వదులుచేసి లైటును జానెడు పైకి జరిపాను. చదరాలు కంటిపాప పై అంచుకు పోయాయి. ఇంకో జానెడు. చదరాలు సగమయ్యాయి. లడ్డూకి చీమలు పట్టిన సంగతి చెబుతున్నాడాయన. ఇంకో జానెడు. రెప్పల కింద సన్నటి తెల్లగీత మిగిలింది. లైటు సీలింగుకు తగిలేసరికి ఆ గీత కూడా పోయింది.

మాటలు సాగుతూనే ఉన్నాయి, మీసం కదులుతూనే ఉంది. కానీ ఆ ముఖంలోంచి ఎవరో లేచి వెళ్లిపోయారు. మాట్లాడుతున్నది ఎవరో, ఎక్కడి నుంచో అనిపించింది.

"కదలకండి," అన్నాను. ఫ్లాష్ కొట్టింది. కెమెరా వెనక తెర మీద చూసుకున్నాను. అచ్చం మా దక్షిణం గోడ మీది మనిషి. నిజం చెబుతున్నాను, నాకు భయం వేయలేదు, గర్వం కలిగింది. ఒక మనిషిని జానెడు జానెడు చొప్పున పంపేశాను.

ఇక నవ్వు ఫొటో. లైటు కిందికి దింపాను. కళ్లలోకి చదరాలు తిరిగొచ్చాయి. "నవ్వండి బాబాయ్ గారూ," అన్నాను. ఆయన నవ్వు మొదలైంది, కరెంటు పోయింది, నా వెనక తలుపు కిర్రుమంది, నా వేలు మీట నొక్కింది. ఏది ముందో ఏది వెనకో ఇప్పటికీ చెప్పలేను. నల్ల పరదాల గది చిమ్మచీకటైపోయింది. ఆ చీకట్లో ఆయన నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది. "కరెంటు పోయిందమ్మాయ్," అని అత్తయ్యగారి కేక వినిపించింది.

కెమెరా తెర మీద నల్లటి పలక తప్ప ఏమీ లేదు. ఫ్లాష్ కొట్టలేదు.

"పడ్డదా బిడ్డా?" అన్నాడాయన.

కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆయన్ని షూటింగుకి తీసుకెళ్లాల్సిన సినిమా కంపెనీ బండి కింద హారన్ మీద హారన్ కొడుతోంది. నాకు ఓపిక తక్కువ, పైగా నా మనసంతా ఆ మొదటి ఫొటో మీదే ఉంది. "పడింది. చాలా బాగా పడింది," అన్నాను. చీకట్లో ఆయన లాల్చీ సర్దుకున్న చప్పుడైంది. తర్వాత "సరే బిడ్డా," అని లేచి వెళ్లాడు.

ఆర్ట్ అతనికి ఫొటో తెగ నచ్చింది. ఫ్రేము అద్దం మీద సెట్టు లైట్లు మెరవకుండా ఏ రకం అద్దం వేయించాలో చూసి చెప్పమన్నాడు. రెండో ప్రింటు ఒకటి తీసి, మెరవని అద్దంతో ఫ్రేము కట్టించి, హాల్లో వెలుతురుకు ఎలా ఉంటుందో చూద్దామని కళ్ల ముందు ఖాళీగా కనిపించిన మేకుకు తగిలించాను. అద్దం బాగానే ఉందని ఫోన్‌లో చెప్పేశాను. ఫ్రేమును దించడం మర్చిపోయాను. ఆ మేకు ఎవరిదో కూడా మర్చిపోయాను.

సీరియల్ సాయంత్రం ఏడింటికి వచ్చేది. అత్తయ్యగారు రోజూ చూస్తారు, కళ్లలో పొర పెరిగి బొమ్మ మసగ్గా ఉన్నా మాటలు వింటే చాలంటారు. ఆ సీరియల్లో ఎవరికి కష్టం వచ్చినా పోయి ఆ ఫొటో ముందు నిలబడి ఏడుస్తారు. కొత్త కోడలు ఏడ్చింది, పాత కోడలు ఏడ్చింది, ఇల్లు రాయించుకున్న తమ్ముడూ ఏడ్చాడు. దండ వెనక నుంచి ఆ పెద్దాయన అందరినీ చూసేవాడు. చూస్తున్నట్టుండేది, అంతే. ఆ కళ్లలోకి ఏదీ పోయేది కాదు. అలా తీసింది నేనేనని తెలిసినా, ఆ ఫొటో వచ్చినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

మొదటిసారి ప్రింటు కోసం వచ్చినప్పుడు ఆయన మహా సంబరంగా ఉన్నాడు. చాయ్ హోటల్లో అందరూ గుర్తుపడుతున్నారట. "సచ్చినాయన వచ్చిండు, చాయ్ పొయ్యుండ్రి అంటుండ్రు బిడ్డా," అని తొడ చరిచి మరీ చెప్పాడు. ప్రింటు ఇంకా రాలేదని చెప్పి పంపాను. రెండోసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మార్కెట్ సీనుకు పిలిచిండ్రు. పోయి నిలబడ్డంక, ఒకాయన చూసి, 'ఈయన సచ్చినాయన గదా, బతికి మార్కెట్ల ఎట్ల తిరుగుతడు, పంపియ్యుండ్రి' అన్నడు. రెండు కంపెనీలల్ల గట్లనే అయింది. చాయ్ హోటల్ల నవ్వుతుంటే నాకు సుత నవ్వొచ్చేది. ఇప్పుడు వస్తలేదు. జర గా నవ్వు ఫొటో ఇయ్యి బిడ్డా. అది ఇంట్ల లేదు, గందుకే గిట్లయితుంది."

ఆ క్షణంలో నిజం చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. "ఇంకా మంచి లైటు తెస్తున్నాను, దాంతో ఇంకొకటి తీసి రెండూ కలిపి ఇస్తాను," అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి సరేనన్నాడు.

తర్వాతి వారం గొడుగు లైటు పెట్టి తీశాను. పళ్లు కనిపించాయి గానీ అది నవ్వు కాదు, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టుంది. ఫొటో పెద్దది చేసి కళ్లు చూశాను. చుక్క లేదు. గొడుగు తెచ్చి ముఖానికి ఎదురుగా పెట్టినా లేదు. వయసుకి రెప్పలు వాలాయి, అంతే, అని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్లీ పంజాగుట్ట వెళ్లి రింగ్ లైటు కొన్నాను. కన్ను తెరిచి ఉంటే చాలు, రింగ్ లైటు గుండ్రం పడి తీరాలి. ఆ బొమ్మ తల గాజు కళ్లలో కూడా పడింది. ఆయన కళ్లలో పడలేదు. మూరెడు దూరంలో అంత పెద్ద వెలుగు చక్రం పెట్టినా, రెండు నల్లటి గుంటలు నన్ను చూస్తున్నాయి. ఆయన వెళ్లాక అదే కుర్చీలో కూర్చుని నా ఫొటో నేనే తీసుకున్నాను. నా రెండు కళ్లలోనూ తెల్లటి గాజులు తళతళా మెరిశాయి. ఆ గదిలో ఒంటరిగా ఉండలేక లైటు ఆర్పకుండానే బయటికి వచ్చేశాను.

అప్పటికి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. రివాజులంటే నవ్వుకున్నదాన్ని, జానెడు జానెడు లైటు ఎత్తడం పదే పదే గుర్తుచేసుకునేదాన్ని. ఆ రోజు ఆయన్ని పంపేశాను, మళ్లీ వెనక్కి పిలవలేదు.

ఒక శుక్రవారం పొద్దున్న ఆయన చెప్పకుండా వచ్చాడు. తలుపు తీసి, కూర్చోమని, మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన కూర్చోలేదు. ఇంతకుముందు ఎప్పుడొచ్చినా హాల్లో ఆగని మనిషి, దక్షిణం గోడ ముందు నిలబడి ఉన్నాడు. ఎదురుగా నాలుగో మేకుకు ఆయన ఫొటో. ఫ్రేము మీద బల్కంపేట గుడి దగ్గర కొనే తెల్ల చామంతి ఒకటి. నుదుటి మీద కుంకుమ బొట్టు. ఆ బొట్టు చుట్టూ పాత బొట్ల మరక ఎర్రగా దట్టంగా పేరుకుపోయి ఉంది. అది ఒక్కరోజు బొట్టు కాదు.

సీరియల్లో వేసేది ఉత్తుత్తి దండ. ఇది నిజంగా పూజ.

"అత్తయ్యగారూ! ఏంటిది? ఈయన మీద పువ్వెందుకు పెట్టారు? బతికున్న మనిషండీ!" అని అరిచాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకా పైకి పోతుంది.

అత్తయ్యగారు పూజ గదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చారు. "నాకేం తెలుసమ్మాయ్? ఆ గోడ మీద ఉన్నవాళ్లంతా పోయినవాళ్లే కదా. నా మేకు మీద ఎవరో ఉన్నారు, నాకంటే ముందు పోయినవాళ్లు కాబోలు, నువ్వు నాకు చెప్పలేదు కాబోలు అనుకున్నాను. రెండు నెలలుగా పెడుతున్నాను." ఆవిడ ఆయన వైపు తిరిగి, కళ్లు చికిలించి, "మీరెవరు బాబూ?" అన్నారు.

"గాయన్నేనమ్మా," అన్నాడాయన, ఫొటో వైపు చెయ్యి చూపించి.

నేను గ్లాసు బల్ల మీద పెట్టేసి, నిలబడ్డచోటే చెప్పేశాను. ఆ రోజు ఫ్లాష్ కొట్టలేదని, నవ్వు ఫొటో లేనే లేదని, బండి హారన్ కొడుతుంటే అబద్ధమాడానని, ఆ తర్వాత చెప్పినవన్నీ దాన్ని కప్పిపుచ్చడానికేనని. ఏడుపొచ్చింది. ఆయన కోప్పడతాడనుకున్నాను, శాపనార్థాలు పెట్టినా పడదామనుకున్నాను.

"నాకు ఎరుకనే బిడ్డా," అన్నాడాయన. "ముప్పై ఏండ్లు లైట్ల కింద నిలబడ్డోణ్ని. మీద లైట్ కొట్టిందో లేదో తెల్వదా? ఆనాడు చీకట్లనే తెలిసింది. నువ్వు పడింది అన్నవు. ఎప్పుడు చెప్తవో అని వస్తున్న. నువ్వు చెప్పకుంట నవ్వు నవ్వు అంటే నవ్వెక్కడికెళ్లి వస్తది?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రెండు నెలలుగా ఆయన ప్రింటు కోసం రాలేదు, నా నోటి నుంచి ఆ ఒక్క మాట కోసం వచ్చాడు. మరి ఆ కళ్లు రింగ్ లైటును కూడా ఎందుకు పట్టుకోలేదో, దానికి ఇదే జవాబో కాదో నాకు తెలియదు.

"గా చీకటి ఫొటో ఉందా, తీసేసినవా?" అన్నాడు.

"ఉంది. అందులో ఏమీ లేదు బాబాయ్ గారూ. ఉత్త నలుపు."

"చూపియ్యి."

స్టూడియో గదిలో కంప్యూటర్ తెరిచాను. అత్తయ్యగారు కూడా వచ్చి మా వెనక నిలబడ్డారు. నల్లటి పలక ఒకటి తెర మీద పరుచుకుంది. వెలుతురు పెంచే మీటను కుడి వైపు లాగుతూ పోయాను. ఇరవై ఏళ్లు పిల్లలకు నేర్పిన పని. ఎంత చీకటి ఫొటో అయినా ఇలా ఒకసారి లాగి చూశాకే పారేయండి అని చెప్పిందీ నేనే. ఈ ఒక్కదాన్ని మాత్రం లాగలేదు.

ముందుగా కళ్లు వచ్చాయి. ముఖం లేకుండానే, నలుపులో రెండు సన్నటి నిలువు గీతలు. ఇంకా లాగాను. ఇసక చల్లినట్టున్న బూడిదరంగులోంచి చెంప వచ్చింది, మీసం వచ్చింది, మీసం కింద పళ్లు వచ్చాయి. తల కొంచెం వెనక్కి వాల్చి, కడుపులోంచి నవ్వుతున్న మనిషి. నేను ఇంతకుముందు తీసిన ఏ నవ్వూ దాని దరిదాపుల్లోకి రాదు.

"నేనే," అన్నాడాయన. తెర మీద తన మీసానికి వేలు ఆనించాడు. "బతికే ఉన్న."

ఫొటోలో ఆయన కళ్లను పెద్దవి చేసి చూశాను. ఫ్లాష్ లేదు, కరెంటు లేదు, మరి ఆ గీతలు ఎక్కడివి? చూడగానే అర్థమైంది. అది నా వెనక తలుపు. ఆ ఒక్క క్షణం బెత్తెడు తెరుచుకుంది. హాల్లోంచి మే నెల ఎండ వెలుగు ఆ సందులోంచి నిలువుగా ఆయన ముఖం మీద పడింది. ఆ వెలుగుకే ఆ నవ్వు దొరికింది. గీతలో మధ్యన నల్లగా ఒక ఆకారం ఉంది, ఎవరో తలుపు పట్టుకుని నిలబడినట్టు.

"మీరే అత్తయ్యగారూ," అన్నాను, ప్రాణం లేచొచ్చి. "కరెంటు పోయిందని చెప్పడానికి తలుపు తీశారు కదా."

"నేనెక్కడ తీశానమ్మాయ్," అన్నారావిడ. "స్టూడియోలో పని జరుగుతుంటే తలుపు తీయొద్దని నువ్వే కదా నా మీద విరుచుకుపడ్డావు. వంటింట్లోంచే కేకేశాను."

ఆ మధ్యాహ్నం ఇంట్లో మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. ఆ తలుపు గడియ కొంచెం వదులే, గాలికి ఎప్పుడైనా తెరుచుకుంటుంది. కానీ గాలికి అడ్డంగా మనిషి ఆకారం రాదు. ఆయన వైపు చూడాలంటే భయం వేసింది. ఆయన మాత్రం ఆ గీతను చాలాసేపు తదేకంగా చూశాడు.

"ఎవలైతేంది బిడ్డా," అన్నాడు చివరికి. "నువ్వు ఇయ్యని వెలుతురు వాళ్లు ఇచ్చిండ్రు." అని నవ్వాడు. తెర మీది నవ్వు, పక్కనున్న నవ్వు రెండూ ఒకటే. అప్పుడు చూశాను, ఆయన కంట్లో కంప్యూటర్ తెర చిన్న చదరమై మెరుస్తోంది.

అక్కడికక్కడే ప్రింటు తీసి ఇచ్చాను. ఇసక అలాగే ఉంచమన్నాడు, దిద్దొద్దన్నాడు. హాల్లో ఉన్న ఫ్రేమును అత్తయ్యగారే మేకు నుంచి దించి, చెంగుతో బొట్టు తుడిచారు. అద్దం మీద ఎర్ర మరక పూర్తిగా పోలేదు. ఆ ఫ్రేము ఏం చేయాలని అడిగితే, దాన్నీ ఇమ్మన్నాడు. చంకలో ఆ ఫ్రేము, చేతిలో నవ్వు ఫొటో పట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు. నవ్వు ఫొటోను వాళ్లింట్లో టీవీ పక్కనే గోడకు పెట్టుకున్నానని తర్వాత ఫోన్‌లో చెప్పాడు. "ఏడింటికి దండేసుకున్నోడు వస్తడు గదా బిడ్డా. వచ్చినప్పుడల్లా నవ్వేటోడు పక్కకే ఉంటడు. ఇగ ఫికర్ లేదు." మార్కెట్ సీన్లకు మళ్లీ పిలుస్తున్నారా అంటే, పిలవడం లేదన్నాడు. ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడు.

రింగ్ లైటు అమ్మేశాను. సాఫ్ట్‌బాక్స్ ఉంది, వాడుతున్నాను. కానీ ఎవరి ఫొటో తీసినా ఆ గది తలుపు బెత్తెడు తెరిచే ఉంచుతున్నాను. కళ్లలో తెల్లటి చదరం పక్కన సన్నటి గీత ఒకటి పడుతుంది. వచ్చినవాళ్లకు అది నచ్చుతోంది, కళ తెలిసిన చెయ్యి అంటున్నారు. ఆ గీతను పెద్దది చేసి చూసే ధైర్యం నాకు లేదు.

మొన్న టిఫిన్ తింటూ అత్తయ్యగారు దక్షిణం గోడ వైపు చూసి, "నాలుగో మేకుకు నా ఫొటో ఇప్పుడే తీసిపెట్టు అమ్మాయ్," అన్నారు. "పోయాక కళ్లు వేయించే పని పెట్టకు. ఆ గొడుగులూ పెట్టెలూ నాకొద్దు. నవ్వుతాను, ఆ తలుపు తీసి ఉంచు చాలు."

సరేనన్నాను. ఆ తలుపు దగ్గర ఎవరుండాలని ఆవిడ అనుకుంటున్నారో నేను అడగలేదు. ఆవిడ అప్పటికే ఆ తలుపు వైపు తిరిగి, ఎవరినో చూసినట్టు చిన్నగా నవ్వుతున్నారు.